తిరుపతి దాకా రైలు సరే, అడవి దాకా బస్సేదీ?

మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో తిరుపతి పోయిరాని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. పంట చేతికొచ్చిన ఏడో, పిల్ల పెళ్లి కుదిరిన ఏడో, పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించే ఏడో కుటుంబమంతా మూటాముల్లె కట్టుకుని బయల్దేరుతుంది. కొండెక్కి గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని, లడ్డూల సంచితో తిరిగి వస్తుంది. అలా వచ్చినవారిని జాతీయ పార్కు చూశారా అని అడిగితే, అదెక్కడుందని ఎదురు అడుగుతారు. వారు బస్సులో ఎక్కిదిగిన కొండల చుట్టూ కమ్ముకుని వున్న అడవిలోనే అది వున్నది.

దాని పేరు శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 1989లో ఏర్పాటయింది. విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. శేషాచలం కొండలు, వాటి మధ్య లోయలు, వాగులు, జలపాతాలు అందులోనివి. అక్కడ పెరిగే ఎర్రచందనం తూర్పు కనుమల్లోని ఆ కొద్దిపాటి దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను మొలిచి అడవిగా పెరగదు. చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, కణుతులు, దుప్పులు, రాత్రిపూట మాత్రమే తిరిగే దేవాంగపిల్లి, రాతి సందుల్లో బతికే బంగారు బల్లి అక్కడి కాపురస్తులు. 2010లో కేంద్ర ప్రభుత్వం ఈ కొండల ప్రాంతాన్నంతా కలిపి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించింది. అంటే చెట్టూ చేమా, మృగమూ పక్షీ, వాటి మధ్య బతికే మనిషీ కలిసి వుండే రక్షిత ప్రాంతమన్నమాట.

జాతీయ పార్కు వేరు, అభయారణ్యం వేరు. మెదక్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలో వున్న పోచారం అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని హక్కులు షరతులతో కొనసాగవచ్చు. జాతీయ పార్కులో మేకను మేపడానికి కూడా వీల్లేదు. తెలంగాణలో జాతీయ పార్కులు మూడే వున్నాయి. కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాదులోనూ, దాని శివార్లలోనూ వున్నవే. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవి కొండల్లోనిదే కాని అది జాతీయ పార్కు లెక్కలోకి రాదు. కనుక మెదక్ రైతు తన పిల్లలకు కొండల మీది జాతీయ పార్కు ఒకటి చూపించాలనుకుంటే దగ్గరి దారి, అలవాటున్న దారి తిరుపతి దారే. ఎలాగూ పోతున్నదే గనుక ఒక్కరోజు ఎక్కువ వుంటే సరిపోతుంది. అయితే ఆ ఒక్కరోజే గడవడం లేదు. ఎందుకో చూడాలి.

రైలు సంగతి

ఒకప్పుడు మెదక్ వారికి రైలు అంటే అక్కన్నపేట, మిర్జాపల్లి స్టేషన్లే. జిల్లాకు పేరిచ్చిన పట్టణం, ప్రపంచమంతా వచ్చి చూసే చర్చి వున్న పట్టణం, కాని పట్టాలు లేవు. తరాల తరబడి విన్నపాలు పోగా 2012-13 బడ్జెట్టు నాటికి అక్కన్నపేట-మెదక్ లైనుకు మంజూరు దొరికింది. పొడవు పదిహేడు కిలోమీటర్ల పైచిలుకే. ఆ పదిహేడు కిలోమీటర్లు వేయడానికి పదేళ్లు పట్టింది. 2022 సెప్టెంబరు 23న మెదక్ నుంచి కాచిగూడకు మొదటి రైలు కదిలింది. ఆ రోజు స్టేషనుకు పోయి చూసి వచ్చిన ముసలివాళ్లలో రైలెక్కే పని లేనివారే ఎక్కువ. ఊరికి రైలు రావడాన్ని కళ్లారా చూడాలన్నదే వారి కోరిక.

ఆ రైలు తిరుపతి ప్రయాణానికి ఒక సదుపాయం చేసింది. అది దిగేది కాచిగూడలో. తిరుపతి మీదుగా చిత్తూరు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ బయల్దేరేదీ కాచిగూడలోనే. మూటలతో ఆటోలు మారి, సిటీబస్సులు మారి, సికింద్రాబాద్ వంతెనల మీద పిల్లలను లాక్కుంటూ పరుగులు తీసే పని తప్పుతుంది. రాత్రి ఎక్కితే మహబూబ్‌నగర్, కర్నూలు, గుత్తి, తాడిపత్రి, కడప మీదుగా తెల్లవారేసరికి తిరుపతి. నడుమ కొన్ని గంటలు కాచిగూడలో కూర్చోవలసి వస్తుంది. సద్ది కట్టుకుని పోయేవారికి అదొక లెక్క కాదు.

రెండో దారి కామారెడ్డి. నిజామాబాద్ నుంచి తిరుపతి పోయే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. ఎక్కడా బండి మారే పని లేదు. సికింద్రాబాద్, వికారాబాద్, రాయచూరు, గుంతకల్ తిరిగి పోతుంది గనుక దారి పొడుగే. ముసలివారిని, చంటిపిల్లలను వెంటబెట్టుకుని పోయేవారికి మాత్రం ఈ బండే మేలు. ఒకసారి జాగ దొరికితే మరునాటి దాకా లేవనక్కరలేదు. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపుగా పోయే పద్మావతి వంటి బండ్లు కూడా వున్నాయి. అడవి చూడాలన్న కోరిక వున్నవారు కడప వైపు నుంచి పోయే బండినే ఎన్నుకోవాలి. కారణం వున్నది.

కడప దాటి, రాజంపేట దాటి, రైల్వే కోడూరు వచ్చాక రేణిగుంట దాకా రైలు శేషాచలం పాదాల వెంట పోతుంది. రేణిగుంట వైపు పోయేటప్పుడు కుడిచేతి వైపు కిటికీ పట్టుకోవాలి. వెలుతురు వుండగా బండి అక్కడికి చేరితే కొండ గోడ కట్టినట్లు నిలబడి కనిపిస్తుంది. బాలపల్లె, మామండూరు స్టేషన్ల దగ్గర అడవి పట్టాల దాకా దిగి వస్తుంది. బండి నిండా గోవిందా అనేవారే వుంటారు. ఆ సమయంలో సగం బండి నిద్రపోతూ వుంటుంది, మిగిలిన సగం మూటలు సర్దుకుంటూ వుంటుంది. కిటికీలోంచి చూసేది చిన్నపిల్లలే. వారు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పేవారుండరు.

కొండ మీదికి బస్సులకు కొదవ లేదు

తిరుపతి స్టేషను బయట కాలు పెట్టింది మొదలు కొండ మీదికి బస్సులకు కొదవ లేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచే దాకా కొండెక్కాలంటే కాలినడక, లేదంటే డోలీ. 1974లో రెండో రోడ్డు వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి. 2022 సెప్టెంబరు నుంచి కరెంటు బస్సులు కూడా నడుస్తున్నాయి. అర్ధరాత్రి కొద్ది గంటలు తప్పిస్తే బస్సు వెనుక బస్సు పోతూనే వుంటుంది. దేశంలో ఇన్ని బస్సులు ఎక్కిదిగే కొండ మరొకటి వుండడం అరుదు. ఆర్టీసీ చేతగానిదని ఎవరన్నా అంటే వారిని ఒకసారి అలిపిరి దగ్గర నిలబెట్టాలి.

ఆ బస్సులో పోయేటప్పుడు చూడదగినది మరొకటి వున్నది. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట కొండను కోసినప్పుడు బయటపడిన రాతిలో రెండు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. కింద పాతరాయి. పైన పలకలు పేర్చినట్లున్న ఎర్రటి గట్టిరాయి. కింది రాయికీ పై రాయికీ నడుమ కోట్ల సంవత్సరాల ఎడం వున్నదని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. కొండ మీద వున్న శిలాతోరణం కూడా ఆ పైరాయి గాలికీ నీటికీ అరిగి ఏర్పడినదే. దాన్ని చూసినవారు చాలామంది. కింద రోడ్డు పక్కన వున్న రెండు పొరలను చూసినవారు తక్కువ. అక్కడ బస్సు ఆగదు. వంపులో ఆగడానికి వీలూ లేదు. కాని కండక్టరో, బస్సులోని మైకో ఒక్కమాట చెబితే యాభైమంది తలలు అటు తిరుగుతాయి.

అసలు లోటు ఇక్కడే వున్నది. కొండమీదికి చేర్చే ఏర్పాటు వున్నది. చేరేవాడికి తాను ఎటువంటి అడవిలోంచి పోతున్నాడో తెలియజేసే ఏర్పాటు చాలినంత లేదు. మన పల్లెల్లో శేషాచలం అడవి అంటే పేపర్లలో వచ్చే రెండు సంగతులే గుర్తుకొస్తాయి. ఒకటి ఎర్రచందనం దొంగరవాణా. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన ఇరవైమంది చనిపోయారు. రెండోది చిరుత. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో తల్లిదండ్రులతో నడిచిపోతున్న ఆరేళ్ల పిల్లను చిరుత ఎత్తుకుపోయి చంపింది. అంతకు రెండు నెలల క్రితమే ఒక చిన్నపిల్లవాడిని నోట కరచుకుపోగా జనం కేకలకు వదిలిపెట్టింది. ఆ పిల్ల పోయిన తర్వాత చిన్నపిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక మెట్లదారి ఎక్కనివ్వకుండా కట్టడి చేశారు. నడిచేవారికి చేతికర్రలిచ్చారు. బోన్లు పెట్టి చిరుతలను పట్టారు.

పిల్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులను ఎవరూ తప్పుపట్టడానికి లేదు. దేవుడి మెట్లు ఎక్కుతున్నామనుకున్నారు గాని చిరుతల అడవిలో వున్నామనుకోలేదు. అది వారి ఒక్కరి సంగతి కాదు, మెట్లెక్కే వేలమంది సంగతీ అంతే. మన రామాయంపేట, హవేళిఘనపూర్ వైపు గుట్టల్లో చిరుత తిరుగుతున్నదంటే గొల్లలు మందను పొద్దుగూకకముందే దొడ్లోకి తోలుతారు. పిల్లను ఒంటరిగా చేనుకు పంపరు. అదే మనిషి తిరుపతి మెట్ల మీద పిల్లను నాలుగు మెట్లు ముందుకు ఉరకనిస్తాడు. దుప్పి కనిపిస్తే అరటిపండు చూపిస్తాడు. తిన్న పొట్లం దారి పక్కన పారేస్తాడు. పారేసిన తిండికి కుక్కలూ పందులూ చేరతాయి, వాటి వెంట చిరుత వస్తుంది. ఊరిగుట్ట దగ్గర తెలిసిన తెలివి అక్కడ పనికిరాకుండా పోవడానికి కారణం ఒక్కటే. అది అడవి అని ఎవరూ అతనికి గట్టిగా చెప్పలేదు. బోర్డులున్నాయి. బోర్డు చదివే తీరిక మెట్లెక్కేవాడికి వుండదు. రైలు దిగినచోట, బస్సు టికెట్టు ఇచ్చేచోట చెప్పాలి.

తలకోన

ఆ అడవిని అడవిగా చూడగోరేవారికి తగిన చోటు తలకోన. తిరుపతికి అరవై కిలోమీటర్ల లోపు. పూర్వం చిత్తూరు జిల్లాలోనిది, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి జలపాతం ఎత్తు 270 అడుగులు. మెదక్ ఖిల్లా వున్న గుట్ట ఎంత ఎత్తో ఇంచుమించు అంత ఎత్తు నుంచి నీరు పడుతుందని వూహించుకోవచ్చు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి. గుడి దగ్గర నుంచి నడక. చెట్ల నీడలో, వాగు పక్కన, రాళ్ల మీదుగా దారి. ఏనుగు తొండమంత లావున్న గిల్లతీగ చెట్టు మీంచి చెట్టు మీదికి పాకి కనిపిస్తుంది. దాని కాయ మూరెడు కంటె పొడుగు వుంటుంది. పల్లెవాడికి అడవిలో ఏమున్నది చూడడానికి అనేవారు ఆ తీగను చూశాక మాట మార్చుకుంటారు.

తిరుపతి నుంచి చంద్రగిరి వైపుగా పోయి, భాకరాపేట ఘాట్ ఎక్కి, ఎర్రావారిపాళెం మీదుగా నెరబైలు చేరితే అక్కడికి తలకోన దగ్గరే. మదనపల్లె, పీలేరు వైపు పోయే బస్సులు భాకరాపేట దాకా ఎప్పుడూ దొరుకుతాయి. ఆ తర్వాతే చిక్కు. తలకోన వైపు తిరిగే బస్సులు మాటిమాటికీ రావు. ఒకటి తప్పితే రెండోదాని కోసం కాచుకుని కూర్చోవాలి. వచ్చేటప్పుడు మరీ కష్టం. నీళ్లు చూసి తిరిగి గుడి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. బస్సు వుందో లేదో చెప్పేవారుండరు. ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. భాషా యాసా తేడాగా వుంటే అడిగేది ఇంకొంచెం పెరుగుతుంది. అడవిలో రాత్రి చిక్కుపడతామేమోనన్న భయానికి చాలామంది అసలు బయల్దేరరు.

ఇక మిగిలేది కారు కిరాయి. తిరుపతి స్టేషను బయట కారువాళ్లు తలకోన, కాణిపాకం, శ్రీకాళహస్తి అని కేకలేస్తూనే వుంటారు. కాణిపాకానికీ, కాళహస్తికీ బస్సులున్నాయి గనుక పల్లెవాడు బస్సెక్కి పోయి వస్తాడు. తలకోనకు కారు కిరాయి విని వెనక్కి తిరుగుతాడు. కిరాయి పెట్టగలవారు, సొంతకారు వున్నవారు పోయి జలపాతం కింద స్నానం చేసి వస్తారు. మెదక్ నుంచి అయిదువందల కిలోమీటర్లకు పైగా రైలులో సుఖంగా పోయిన మనిషిని చివరి అరవై కిలోమీటర్లు ఆపేస్తున్నాయి. ఆ అరవైలోనూ చిట్టచివరి పది, పదిహేను కిలోమీటర్లే అసలు అడ్డు.

అడవి కాపలా చూసేవారి వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. జనం ఎక్కువైతే చెత్త ఎక్కువవుతుంది, మృగాలు బెదురుతాయి, జాతీయ పార్కు అంటే జాతర కాదు అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. జలపాతం దగ్గర పగిలిన సీసాలు చూసినవారెవరైనా దాన్ని ఒప్పుకుంటారు. అయితే ఆ సీసాలు పల్లెవెలుగు బస్సులో వచ్చినవి కావు. యాభైమంది ఒక బస్సులో వస్తే ఒక బండి చప్పుడు. అదే యాభైమంది కార్లలో వస్తే పది, పన్నెండు బండ్ల చప్పుడు, పొగ, హారను. బస్సుకు వచ్చే వేళ, పోయే వేళ వుంటుంది. సాయంత్రం అయిదింటికి చివరి బస్సు అంటే అయిదింటికి అడవి ఖాళీ అవుతుంది. అడవికి మేలు చేసేది బస్సే.

ఇది కొత్త ఆలోచన కాదు. కర్ణాటకలోని బందిపూర్ జాతీయ పార్కు గుండా పోయే రోడ్ల మీద 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారి ఆరు దాకా బండ్లను ఆపేస్తున్నారు. కొద్దిపాటి ప్రభుత్వ బస్సులకు మాత్రం అనుమతి వున్నది. మన శ్రీశైలం రోడ్డు మీద కూడా నల్లమలలో రాత్రి రాకపోకలు కట్టడి చేశారు. అమెరికాలో జయాన్ అనే కొండలోయ జాతీయ పార్కు వున్నది. కార్ల రద్దీ భరించలేక 2000 సంవత్సరం నుంచి రద్దీ నెలల్లో లోయలోకి సొంతకార్లను ఆపి, పార్కువారే వుచితంగా బస్సులు నడుపుతున్నారు. ఇంటింటికీ కారు వున్న దేశంలో కారు దించి బస్సెక్కిస్తున్నారు. బస్సే దిక్కయిన మన దేశంలో బస్సు లేక జనం ఆగిపోతున్నారు.

ఎప్పుడు పోవాలన్నదీ ఆలోచించవలసిన విషయమే. మన వైపు తీరిక దొరికేది యాసంగి కోతలయ్యాక, ఎండాకాలం సెలవుల్లో. అప్పుడు తలకోన పోతే నీరు సన్నటి ధారగా వుంటుంది, బండ చూసి రావాలి. అక్కడ వానలు బాగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వానాకాలం వడ్లు కాంటా అయ్యాక, అంటే డిసెంబరు నెలాఖరుకు, సంక్రాంతి లోపు పోతే నీళ్లు వుంటాయి, వాన తగ్గివుంటుంది. తుఫాను వార్త వున్నప్పుడు మాత్రం ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది. 2021 నవంబరులో అక్కడ కురిసిన వానకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి 2022 మే నెల దాకా మూతపడింది. డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. అదే నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నందలూరు-రాజంపేట నడుమ రైలుకట్ట కోసుకుపోయి బండ్లు ఆగిపోయాయి. మెదక్ వారు ఎక్కే బండ్లూ ఆ దారివే.

వానకు రైలు ఆగడమంటే ఏమిటో 2025 ఆగస్టు చివరి వారంలో మెదక్ కూడా చూసింది. కుండపోతకు అక్కన్నపేట-మెదక్ లైను మీదా, కామారెడ్డి వైపు భిక్కనూరు-తలమడ్ల మధ్యా నీరు ముంచెత్తి బండ్లు నిలిచిపోయాయి. 1922లో కట్టిన పోచారం ఆనకట్ట మీదుగా నీరు భయంకరంగా పొర్లింది. తెగుతుందేమోనని కింది వూళ్లవారు ఆ రాత్రి కంటికి నిద్ర లేకుండా గడిపారు. పాతకాలపు రాతికట్టడం గనుక నిలబడింది.

పోచారం ఎందుకు తలవాలంటే, తిరుపతిలో వున్న లోటే ఇంట్లోనూ వున్నది. మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులు అభయారణ్యం పక్కనుంచే పోతాయి. దుప్పుల పెంపకం కేంద్రం రోడ్డుకు దూరం కాదు. దుప్పులు, మనుబోతులు, కొండగొర్రెలు, చెరువు మీద చలికాలపు పక్షులు వున్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అంటే ఒక తల్లి తన పిల్లలను దాదాపు ఖర్చు లేకుండా అక్కడికి తీసుకుపోయి రావచ్చు. అయినా ఆదివారం నాడు అక్కడ కనిపించేవి హైదరాబాద్ కార్లే. తిరిగి వచ్చే బస్సు అక్కడ ఆపుతారా, ఎన్ని గంటలకు, అన్న భరోసా లేక పక్కవూరి వారు పోవడం లేదు. (ఇక్కడి వుచిత టికెట్టు ఆంధ్రప్రదేశ్‌లో చెల్లదు. అక్కడ 2025 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చిన పథకం ఆ రాష్ట్రపు ఆడవారికే. తిరుపతిలో దిగాక టికెట్టు డబ్బు చేత పట్టుకునే వుండాలి.)

బడిపిల్లల సంగతి వేరుగా చెప్పవలసి వుంది. ప్రైవేటు బడులు బస్సులు మాట్లాడుకుని పిల్లలను హైదరాబాదులోని వినోద పార్కులకు తీసుకుపోతున్నాయి. నీటి జారుడుబండల మీద ఆడించి తెస్తున్నాయి. సర్కారు బడిపిల్లలకు అదీ లేదు. గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల పిల్లల విజ్ఞానయాత్రకు రైల్వేలో చార్జీ రాయితీ వున్నదన్న సంగతి ఎందరు హెడ్మాస్టర్లకు తెలుసో! కాచిగూడ దాకా మెదక్ రైలు, అక్కడి నుంచి వెంకటాద్రి, తిరుపతి నుంచి ఒక బస్సు. ఇద్దరు పంతుళ్లు, ఒక పంతులమ్మ తోడుంటే పదో తరగతి పిల్లలు మూడు రాత్రుల్లో పోయి రాగలరు. పాఠంలో చదివిన తూర్పు కనుమలను కాలితో తొక్కి వస్తారు. ముందు ఏడు పోచారం చూపించి, మరుసటి ఏడు తలకోన తీసుకుపోతే పిల్లలకు రెండు అడవులకూ తేడా తెలుస్తుంది.

ఇందుకు కావలసినవి కోట్ల రూపాయల పనులు కావు. తిరుపతి బస్టాండు నుంచి పొద్దున్నే ఒకటి, తొమ్మిది ప్రాంతంలో ఒకటి తలకోన గుడి దాకా నేరుగా పోయే బస్సులు, సాయంత్రం చీకటి పడకముందు వాటినే తిరిగి తెచ్చే ఏర్పాటు వుండాలి. ఆ బస్సులు యాత్రికులు ఎక్కువగా వచ్చే రోజుల్లో తప్పకుండా నడవాలి. రోజూ వేల మందిని కొండెక్కించి దించుతున్న సంస్థకు రెండు బస్సులు బరువు కావు. అటవీశాఖ వారు అడవిలో ఎలా మసలాలో చెప్పే చిన్న కాగితం ఒకటి టికెట్టుతో పాటు చేతికివ్వవచ్చు. ఇక్కడ మెదక్‌లో కాచిగూడ రైలు వచ్చేవేళకు స్టేషను నుంచి వూళ్ల వైపు బస్సు వుండేలా డిపోవారు, రైల్వేవారు ఒకచోట కూర్చుని వేళలు కలుపుకోవాలి. తిరుపతి నుంచి మూటలతో దిగినవాడు పట్టణం దాకా ఆటోకిచ్చే డబ్బు మిగులుతుంది. ఎల్లారెడ్డి బస్సు పోచారం దగ్గర ఆగే చోట ఒక నీడ, ఒక వేళల పట్టిక వుండాలి. తలకోన బస్సు తిరుపతిలో ఎన్ని గంటలకు కదులుతుందో, అడవి దగ్గర నుంచి ఎన్ని గంటలకు తిరుగుతుందో పెద్ద అక్షరాలతో రాసి మెదక్ బస్టాండులోనూ, మెదక్ రైల్వేస్టేషనులోనూ గోడకు అతికించాలి.